ఫొటోల పనికి కంప్యూటర్ కొంటున్నారా? ఐ5, ఐ7 సంగతి చివర్లో చూద్దాం

అమలాపురంలో అడిగినా, భీమవరంలో అడిగినా, రాజమండ్రిలో అడిగినా "ఫొటోలు ఎడిట్ చేసుకోవడానికి సిస్టమ్ కావాలండి" అనగానే షాపులో వినిపించే మొదటి మాట ఒకటే: "ఐ5 వెయ్యమంటారా, ఐ7 వెయ్యమంటారా?" అక్కడే మన బేరం చెడుతుంది. ప్రాసెసర్ ఒక మెట్టు తక్కువదైతే ఫొటోలు ఎక్స్‌పోర్ట్ అవడానికి ఇంకో పావుగంట పడుతుంది, టీ తాగి వస్తే అయిపోతుంది. మానిటర్ సరైనది కాకపోతే ఆల్బమ్ మొత్తం నల్లగా వచ్చి పెళ్ళివాళ్ళతో మాటలు పడాలి. హార్డ్‌డిస్క్ పోతే మాత్రం ఎవరితో ఏం మాట్లాడాలో కూడా తెలీదు, పెళ్ళి మళ్ళీ చేయించలేం కదా.

అందుకని నా వరస తిరగేసి ఉంటుంది. ఫొటోలు ఎక్కడ దాస్తారో ముందు తేల్చుకోండి, తర్వాత వాటిని దేంట్లో చూస్తారో, తర్వాత కరెంటు సంగతి, ఆపైన మిగిలిన డబ్బుతో సీపీయూ డబ్బా. ఉన్న బడ్జెట్‌లో దాదాపు పావు వంతు మానిటర్‌కి, ఇంకో పావు వంతు డిస్కులకీ యూపీఎస్‌కీ పక్కన పెట్టేసి, ఆ మిగతా సగంతోనే షాపువాళ్ళతో ఐ5, ఐ7 గొడవ పెట్టుకోండి. ఇది పెళ్ళిళ్ళు తీసే స్టూడియోల వాళ్ళని దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను గానీ, కనుమ రోజు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి సరదాగా కెమెరా పట్టుకెళ్ళేవాళ్ళకీ, కడియంలో నర్సరీ మొక్కలు ఫొటోలు తీసి వాట్సాప్‌లో పంపేవాళ్ళకీ కూడా ఇదే వరస, లెక్కలు తగ్గించుకుంటే చాలు.

ముందు ఒక కాగితం, పెన్ను

24 మెగాపిక్సెల్ కెమెరాలో ఒక రా ఫైలు (జేపెగ్‌గా మారకముందు సెన్సర్ నుంచి వచ్చే ఫైలు), కెమెరానీ కంప్రెషన్‌నీ బట్టి 25 నుంచి 50 ఎంబీ దాకా ఉంటుంది. 30 అనుకుందాం. జేపెగ్ అయితే 10 ఎంబీ అటూ ఇటూ. మన వైపు పెళ్ళంటే ఒక్క ముహూర్తం కాదు, పెళ్ళికూతుర్ని చెయ్యడం దగ్గర్నుంచి వ్రతం, రిసెప్షన్ దాకా ఇద్దరు కెమెరాలు పట్టుకుంటే 4,000 ఫొటోలు ఎక్కడికీ పోవు. 4,000 ముప్ఫైలు, అంటే 120 జీబీ. ఏడాదికి 30 పెళ్ళిళ్ళు చేసే స్టూడియోకి 3.6 టీబీ. దానికి ఇంకో కాపీ ఉండాలి కాబట్టి 7.2 టీబీ. ఇవి ఫొటోలే సుమా. వీడియో కూడా మీరే తీస్తే, 100 ఎంబీపీఎస్ దగ్గర 4కే రికార్డింగు గంటకి 45 జీబీ తింటుంది, మూడు గంటల ముహూర్తం తంతుకి ఒక్క కెమెరా మీదే 135 జీబీ.

సరదాగా తీసేవాళ్ళు నెలకి 500 రా ఫొటోలు తీసినా ఏడాదికి 180 జీబీయే. వాళ్ళకి 2 టీబీ డిస్కు చాలా ఏళ్ళు వస్తుంది, కాబట్టి పెద్ద పెద్ద డిస్కుల జోలికి పోనక్కర్లేదు.

ఇంకో చిన్న సంగతి. 1 టీబీ డిస్కు కొంటే విండోస్‌లో 931 జీబీ అని చూపిస్తుంది. షాపువాళ్ళు ఏదో కొట్టేశారని గొడవ పడకండి, కంపెనీ వెయ్యితో లెక్కేస్తే విండోస్ 1024తో లెక్కేస్తుంది, అంతే తేడా. డిస్కు నిండా కుక్కకుండా ఒక పదిహేను, ఇరవై శాతం ఖాళీ వదిలేస్తారు కాబట్టి మీ లెక్కలో వచ్చిన అంకె కంటే ఒక సైజు పెద్దదే తీసుకోండి.

డిస్కులు: ఏది దేనికి

మామూలు హార్డ్‌డిస్క్ సెకనుకి 150 నుంచి 200 ఎంబీ చదువుతుంది, సాటా ఎస్‌ఎస్‌డీ 550 దాకా, ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ అయితే 3,500, కొత్తవి 7,000, ఇంకా పైన కూడా. ఈ అంకెలు చూసి అన్నీ ఎస్‌ఎస్‌డీలే పెట్టేద్దాం అనిపిస్తుంది, కానీ దాచుకోవడానికి అంత డబ్బు పెట్టడం దండగ. పైగా కరెంటు ఇవ్వకుండా ఏళ్ళ తరబడి బీరువాలో పడేస్తే ఎస్‌ఎస్‌డీలో డేటా చెరిగిపోయే ప్రమాదం ఉంది. పెన్‌డ్రైవ్ సంగతి అయితే చెప్పనే అక్కర్లేదు, అది ఫొటోలు ఇచ్చి పుచ్చుకోవడానికే గానీ దాచుకోవడానికి కాదు.

కాబట్టి ఇలా పెట్టుకోండి. 1 టీబీ ఎన్‌వీఎంఈలో విండోస్, ఫొటోషాప్, లైట్‌రూమ్, దాని కేటలాగ్ (మీరు చేసిన ఎడిట్లన్నీ గుర్తుపెట్టుకునే ఫైలు), ఇంకా ప్రస్తుతం చేతిలో ఉన్న నాలుగైదు పెళ్ళిళ్ళు. సీజన్‌లో పని ఎక్కువగా ఉండేవాళ్ళు 2 టీబీ పెట్టుకుంటే ఊపిరి ఆడుతుంది. ఆల్బమ్ డెలివరీ అయిపోయిన పెళ్ళిళ్ళన్నీ లోపలే ఉండే పెద్ద హార్డ్‌డిస్క్‌లోకి, 4 టీబీయో 8 టీబీయో మీ కాగితం మీద ఎంత వస్తే అంత. అదే సైజులో బయట పెట్టే డిస్కు ఇంకొకటి, కాపీ కోసం. ఈ రెండోది కాపీ చేసే కాసేపే తగిలించాలి, తర్వాత తీసి పక్కన పెట్టాలి. ఎప్పుడూ తగిలించే ఉంచితే పిడుగు పడినా, వైరస్ వచ్చినా రెండూ కలిసే పోతాయి.

హార్డ్‌డిస్క్ అడిగేటప్పుడు "సీఎంఆర్‌దా, ఎస్‌ఎంఆర్‌దా" అని అడగండి. ఎస్‌ఎంఆర్ అంటే ట్రాకులు ఒకదాని మీద ఒకటి పెంకుల్లా కప్పి రాసే పద్ధతి. చదవడం బాగానే ఉంటుంది, వందల జీబీ ఒకేసారి ఎక్కించేటప్పుడు మాత్రం మధ్యలో నత్తనడక పడుతుంది. లోపల పెట్టేదానికి ట్రాకులు విడివిడిగా రాసే సీఎంఆర్ తీసుకోండి, డబ్ల్యూడీ రెడ్ ప్లస్, సీగేట్ ఐరన్‌వుల్ఫ్ లాంటివి ఆ రకమే. అరచేతిలో పట్టే చిన్న పోర్టబుల్ డిస్కులు చాలావరకు ఎస్‌ఎంఆరే, కాపీకి కాబట్టి ఫరవాలేదు, రాత్రి పెట్టి పడుకుంటే తెల్లారేసరికి అయిపోతుంది. మన ఊళ్ళ షాపుల్లో ఎక్కువగా స్టాకు ఉండేవి సీసీ కెమెరాల డిస్కులు, ఊదారంగు లేబులు డబ్ల్యూడీ పర్పుల్, సీగేట్ స్కైహాక్ లాంటివి. "ఇది 24 గంటలూ తిరుగుతుందండి, గట్టిది" అని అంటగడతారు. గట్టిదే, కాదనను, కానీ అది ఆగకుండా వీడియో రాయడానికి తయారైంది, మన పనికి మన డిస్కే అడగండి, తెప్పించి ఇస్తారు.

కార్డు నుంచి కంప్యూటర్‌లోకి ఎక్కించే దగ్గర చాలామంది తెలీకుండానే గంటలు పోగొట్టుకుంటున్నారు. ఆ 120 జీబీ పాత యూఎస్‌బీ 2 కార్డు రీడర్‌లో సెకనుకి 35 ఎంబీ చొప్పున దాదాపు గంట పడుతుంది. యూఎస్‌బీ 3 రీడర్‌లో, మామూలు యూహెచ్‌ఎస్-1 కార్డుతోనే 90 ఎంబీ చొప్పున ఇరవై, ఇరవై రెండు నిమిషాల్లో అయిపోతుంది. తెల్లవారుజాము ముహూర్తం తీసి కళ్ళు మండుతూ ఇంటికొచ్చినవాడికి ఆ ముప్ఫై అయిదు నిమిషాలు ఎంత నిద్రో ఆలోచించండి. రీడర్ వెయ్యి, రెండు వేల రూపాయల వస్తువు, లక్ష రూపాయల సిస్టమ్ కొన్నవాళ్ళు కూడా దీని దగ్గర పిసినారితనం చేస్తారు. ఎక్కించడం అయ్యాక, రెండో డిస్కులోకి కాపీ కూడా అయితేనే కార్డు ఫార్మాట్ కొట్టాలి. దీంట్లో మాత్రం తొందర వద్దు.

వరద సంగతి మర్చిపోకండి

కాపీ రెండు చోట్ల ఉంటే సరిపోదు, ఒకటి ఊరు దాటి ఉండాలి. మూడు కాపీలు, రెండు రకాల వస్తువుల మీద, ఒకటి వేరే చోట అని ఫొటోగ్రాఫర్లు లోకమంతా చెప్పుకునే సూత్రం ఒకటుంది గానీ, లంకల్లో ఉండేవాళ్ళకి సూత్రం చెప్పాలా. 1986 ఆగస్టు గోదావరి వరద పెద్దవాళ్ళకి గుర్తే, 2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటి వచ్చినప్పుడు కోనసీమ లంకలు రోజుల తరబడి నీళ్ళలోనే ఉన్నాయి. మెయిన్ డిస్కు సిస్టమ్‌లో, కాపీ డిస్కు అదే బల్ల సొరుగులో పెట్టుకుంటే అలాంటప్పుడు రెండూ ఒకే నీళ్ళలో ఉంటాయి.

రాజమండ్రిలోనో కాకినాడలోనో అక్క ఉంటుంది, హైదరాబాద్‌లో తమ్ముడు ఉంటాడు, ఎవరో ఒకరు ఉంటారు. మూడో డిస్కు వాళ్ళ బీరువాలో పెట్టి, పండక్కి వచ్చినప్పుడు మార్చుకోండి. ఏటిగట్టుకి దగ్గర్లో ఉన్న స్టూడియో అయితే ఒక నియమం పెట్టుకోండి: ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగులకి మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది కదా, రెండో హెచ్చరిక పడిందని వినగానే డిస్కులు మూత గట్టిగా పట్టే ప్లాస్టిక్ డబ్బాలోకి, డబ్బా మేడ మీదకి. మూడోది దాకా ఆగితే అప్పుడు ఇంట్లో సామానంతా సర్దాలి, డిస్కు ఎవరికి గుర్తుంటుంది. మామూలు రోజుల్లో కూడా సీపీయూ డబ్బాని నేల మీద పెట్టకండి, జానెడు ఎత్తు బల్ల అయినా వెయ్యండి.

క్లౌడ్ మంచిదే గానీ రా ఫైళ్ళన్నీ ఎక్కించేద్దాం అనుకుంటే కుదరదు. అప్‌లోడ్ 20 ఎంబీపీఎస్ వచ్చే కనెక్షన్‌లో 120 జీబీ ఎక్కడానికి పదమూడు గంటలు పైనే పడుతుంది, ఆ మధ్యలో కరెంటు పోదని ఎవరు చెప్పగలరు. పార్టీ సెలెక్ట్ చేసిన ఫొటోల జేపెగ్‌లు, ఆల్బమ్ షీట్లు, లైట్‌రూమ్ కేటలాగ్, ఈ మూడూ క్లౌడ్‌లో ఉంచండి. అదృష్టం బాగోక డిస్కులన్నీ పోయినా ఆల్బమ్ మళ్ళీ వేసి ఇవ్వగలరు.

ఒకే డేటాని రెండు డిస్కుల్లోనూ ఒకేసారి రాసే రెయిడ్ వేసుకుంటే కాపీ అక్కర్లేదని కొందరంటారు. రెండు డిస్కుల్లో ఒకటి పాడైనా పని ఆగకుండా ఉండటానికే రెయిడ్. పొరపాటున ఫోల్డర్ డిలీట్ కొడితే రెండింట్లోనూ ఒకేసారి పోతుంది.

గాలి తేమకి ఇంకో జాగ్రత్త: సముద్రం దగ్గర, అంతర్వేది, ఓడలరేవు వైపు ఉప్పుగాలికి కనెక్టర్లు తొందరగా చిలుం పడతాయి. లెన్సులకి ఫంగస్ పట్టకుండా సిలికా జెల్ వేసి పెట్టుకునే డబ్బా ఉంటుంది కదా, బయటి డిస్కులు కూడా అందులోనే పెట్టండి. సిస్టమ్‌ని మాత్రం వాడకుండా నెలల తరబడి మూలన పెట్టకండి, రోజూ కాసేపు ఆన్‌లో ఉంటే ఆ వేడికే లోపల తడి ఆరుతుంది.

మానిటర్

డబ్బులు పెట్టాల్సింది ఇక్కడ. షాపులో రెండు మానిటర్లు పక్కపక్కన పెడితే ఎక్కువ వెలుగున్నదే కంటికి బాగుంటుంది, కానీ ఆ వెలుగే తర్వాత కొంప ముంచుతుంది. మానిటర్ మీద ధగధగలాడే ఫొటోని కాస్త తగ్గించి ల్యాబ్‌కి పంపుతారు, ప్రింటు నల్లగా వస్తుంది, "ల్యాబ్ వాడు చెడగొట్టాడండి" అంటారు. ల్యాబ్ వాళ్ళ తప్పు చాలాసార్లు ఏమీ ఉండదు.

కావాల్సినవి ఇవి: ఏ పక్క నుంచి చూసినా రంగు మారని ఐపీఎస్ ప్యానెల్, ఎస్ఆర్‌జీబీ నూటికి నూరు శాతం (మామూలు స్క్రీన్లకి వాడే రంగుల ప్రమాణం అది). మామూలు ఆల్బమ్ ల్యాబులు అడిగేది ఎస్ఆర్‌జీబీ ఫైళ్ళే, కాబట్టి అంతకన్నా ఎక్కువ రంగులు చూపించే ఖరీదైన మానిటర్ మన పనికి తప్పనిసరి కాదు. 24 అంగుళాల్లో అసుస్ ప్రోఆర్ట్ పీఏ248క్యూవీ, 27 అంగుళాల్లో అదే వరసలో పీఏ278క్యూవీ లాంటివి ఫ్యాక్టరీలోనే రంగులు సరిచేసి వస్తాయి. బెన్‌క్యూ, డెల్ అల్ట్రాషార్ప్‌లలో కూడా మంచివి ఉన్నాయి. 27 అంగుళాలకి వెళ్తే 1440 పిక్సెళ్ళ ఎత్తు ఉన్నదే తీసుకోండి, 1080దైతే అక్షరాలు, వెంట్రుకలు గరుకుగా కనిపిస్తాయి. గేమింగ్ మానిటర్ అని 144 హెర్ట్జ్, 165 హెర్ట్జ్ చెప్తారు, ఫొటోలకి దానితో పనిలేదు.

షాపుకి వెళ్ళేటప్పుడు ఒక పెన్‌డ్రైవ్‌లో మధుపర్కాలు కట్టుకుని పీటల మీద కూర్చున్న ఫొటో ఒకటి పట్టుకెళ్ళండి, మీ ల్యాబ్‌లోనే వేయించిన ఆ ఫొటో ప్రింటు కూడా. దీనికి మించిన పరీక్ష లేదు. తెల్లటి గుడ్డ మడతలు ఒక్కొక్కటీ విడివిడిగా కనపడాలి, తెల్లగా ఒకే ముద్దలా ఉంటే ఆ ప్యానెల్ వద్దు. అంచున అంటిన పసుపు వేరు, పెళ్ళికూతురి మొహం మీద పసుపు వేరు, తలంబ్రాల బియ్యం వేరు, ఈ మూడు పసుపులూ ఒకేలా కనపడకూడదు. పెళ్ళికొడుకు జుట్టులో నలుపు చూడండి, పాయలు కనిపిస్తున్నాయా లేక బొగ్గులా ఉందా. వెనకాల కొబ్బరాకుల పందిరి ఆకుపచ్చ రేడియం స్టిక్కరులా మెరవకూడదు. తర్వాత కుర్చీ పక్కకి జరిపి, లేచి నిలబడి చూడండి, రంగు మారితే అది ఐపీఎస్ కాదు, ఏం చెప్పినా సరే.

ఇంటికి తెచ్చాక మొదటి పని బ్రైట్‌నెస్ తగ్గించడం. తెల్ల కాగితం ఒకటి మానిటర్ పక్కన, గది వెలుతురులో పట్టుకుని, స్క్రీన్ మీద ఖాళీ తెల్ల పేజీ తెరిచి, రెండూ ఒకే వెలుగులో కనిపించే దాకా తగ్గించండి. రెండు రోజులు మసకగా అనిపిస్తుంది, అలవాటైపోతుంది. రంగుల కోసం క్యాలిబ్రేషన్ పరికరం, స్పైడర్ గానీ క్యాలిబ్రైట్ గానీ, ఒక్కరే కొనడం భారం అనుకుంటే ఊళ్ళో నలుగురు స్టూడియోల వాళ్ళు కలిసి కొనుక్కోండి. నెలకోసారి పెట్టి తీస్తే చాలు, మిగతా రోజులు డబ్బాలోనే పడి ఉంటుంది.

గది గోడల మాట కూడా చెప్పాలి. స్టూడియో అందంగా ఉండాలని ఎడిటింగ్ గదికి చిలకాకుపచ్చో, గులాబీయో వేయిస్తారు, ఆ గోడ మీద పడిన వెలుగంతా మీ కంటిని మోసం చేస్తుంది. లేత బూడిద రంగు వేయించండి, కిటికీకి ఎదురుగా మానిటర్ పెట్టకండి.

కరెంటు

ఎండాకాలం మధ్యాహ్నం లో వోల్టేజీ, వానాకాలం ఉరుములు, మధ్యలో చెప్పకుండా పోయే కరెంటు. ఫైలు సేవ్ అవుతుండగా కరెంటు పోతే ఆ ఫైలు పాడవ్వచ్చు, లైట్‌రూమ్ కేటలాగ్ దెబ్బతింటే ఇంకా కష్టం. యూపీఎస్ లేకుండా డెస్క్‌టాప్ కొనకండి. 600 వీఏ యూపీఎస్ అంటే 360 వాట్ల దరిదాపుల్లో ఇస్తుంది, గ్రాఫిక్స్ కార్డు ఉన్న సిస్టమ్‌కీ మానిటర్‌కీ అది చాలదు, 1000 లేదా 1100 వీఏ తీసుకోండి. అది పని చేసుకోవడానికి కాదు, సేవ్ చేసి షట్‌డౌన్ కొట్టే ఐదు నిమిషాల కోసం. బ్యాటరీ రెండు మూడేళ్ళకి మార్చాల్సిందే. లేజర్ ప్రింటర్‌ని మాత్రం యూపీఎస్‌కి తగిలించకండి, వేడెక్కేటప్పుడు ఒక్కసారిగా గుంజే కరెంటుకి అది ఆగదు.

"ఇంట్లో ఇన్వర్టర్ ఉంది కదా" అంటారా. అది స్క్వేర్ వేవ్ రకమా, సైన్ వేవ్ రకమా చూడండి. సీపీయూ డబ్బాలో కరెంటు అందించే కొన్ని మంచి ఎస్ఎంపీఎస్‌లు స్క్వేర్ వేవ్ మీద సరిగా నడవవు. సైన్ వేవ్‌దైనా దాని వెనకాల యూపీఎస్ మోడ్ అని మీట ఉంటుంది, మామూలు మోడ్‌లో ఉంటే మారే ఆ క్షణంలోనే సిస్టమ్ రీస్టార్ట్ అవుతుంది, ఆ మీట మార్చించండి. ఎర్తింగ్ సరిగ్గా ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించండి. డబ్బా ముట్టుకుంటే సన్నగా జివ్వుమంటోందంటే లేనట్టే. ఉరుములొచ్చే రోజు ప్లగ్గుతో పాటు ఇంటర్నెట్ వైరు కూడా పీకెయ్యండి.

ఇప్పుడు ఐ5, ఐ7

కనీసం ఆరు కోర్లున్న ఇప్పటి ప్రాసెసర్ ఏదైనా ఫొటోలకి చాలు. ఇంటెల్‌లో ఐ5-12400, ఆ తర్వాతి 13400, 14400, ఏఎండీలో రైజన్ 5 7600, వీటిలో మీకు ఏది చవగ్గా దొరికితే అది. ఇంటెల్‌ది తీసుకుంటే చివర ఎఫ్ అక్షరం లేనిది తీసుకోండి. ఎఫ్ ఉన్నదాంట్లో లోపలి గ్రాఫిక్స్ ఉండవు, దాంతో వీడియో ఎడిటింగ్‌కి బాగా ఉపయోగపడే క్విక్ సింక్ కూడా పోతుంది. కొత్త కెమెరాల 10 బిట్ హెచ్.265 వీడియో టైమ్‌లైన్ మీద గింజుకోకుండా నడవడానికి అది బాగా సాయపడుతుంది. 13, 14వ తరం ఐ7, ఐ9లకి వోల్టేజీ సమస్య వచ్చి ఇంటెల్ 2024లో సవరణ ఇచ్చింది, అలాంటిది కొంటే షాపులోనే బయోస్ (మదర్‌బోర్డు లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేయించుకుని తీసుకెళ్ళండి.

ప్రాసెసర్ దగ్గర మిగిల్చింది ర్యామ్‌లో పెట్టండి. మనం వేసే 12 ఇంటు 36 ఆల్బమ్ షీటు 300 డీపీఐలో 10,800 ఇంటు 3,600 పిక్సెళ్ళు, అంటే ఒక్క లేయరే 116 ఎంబీ పైన. నాలుగు ఫొటోలు, వెనకాల డిజైను, మాస్కులు, పూల బార్డరు, అలాంటి షీట్లు అయిదారు తెరిచి పెట్టి, పక్కన బ్రౌజర్‌లో పాటలు. 8 జీబీతో ఇది అవదు, 16 కనీసం, 32 ఉంటే హాయి. 2025 చివరి నుంచి ర్యామ్ ధరలు బాగా పెరిగాయి కాబట్టి ఒకేసారి 32 పెట్టలేకపోతే 16 ఒకే కర్రగా వేయించి, ఇంకోటి తర్వాత వేసుకునేలా స్లాటు ఖాళీ ఉంచండి. రెండు కర్రలుంటే కాస్త వేగంగా ఉంటుంది, నిజమే, అది తర్వాత చూసుకోవచ్చు.

గ్రాఫిక్స్ కార్డు అక్కర్లేదనే మాట పాతది. రాత్రి ముహూర్తాల్లో ఐఎస్ఓ 6400 మీద తీసినవి లైట్‌రూమ్‌లో ఏఐ డీనాయిజ్ (ఫొటోలో గరుకు చుక్కలు తీసేసేది) కొట్టాలంటే మొత్తం పని కార్డు మీదే పడుతుంది, కార్డు లేని సిస్టమ్‌లో ఒక్కో ఫొటోకి నిమిషాలు, ఉన్నదాంట్లో సెకన్లు. 8 జీబీ మెమరీ ఉన్న ఆర్టీఎక్స్ 4060 లాంటిది గానీ, 12 జీబీ ఆర్టీఎక్స్ 3060 గానీ చాలు. ఏఐ వాడనివాళ్ళు, పగటి ఫంక్షన్లే చేసేవాళ్ళు ముందు కార్డు లేకుండా కొని తర్వాత వేసుకోవచ్చు.

ఎస్ఎంపీఎస్ పేరున్న కంపెనీది, 80 ప్లస్ గుర్తు ఉన్నది తీసుకోండి. క్యాబినెట్‌కి ముందు వైపు దుమ్ము జల్లెడ ఉండాలి, వెనకాల వాడని రంధ్రాలన్నీ మూసి ఉండాలి. నవ్వకండి, మన ఇళ్ళల్లో వెచ్చదనం కోసం బల్లి లోపలికి దూరి షార్ట్ అయిన సిస్టమ్‌లు సర్వీసుకి వస్తూనే ఉంటాయి.

ల్యాప్‌టాప్, మ్యాక్, సెకండ్ హ్యాండ్

కరెంటు బాగా ఇబ్బంది ఉన్న ఊళ్ళో ల్యాప్‌టాప్ మంచి ఆలోచనే, బ్యాటరీయే యూపీఎస్. కానీ మధ్య ధరల్లో వచ్చేవాటిలో చాలావాటికి డిస్‌ప్లే "45 శాతం ఎన్‌టీఎస్‌సీ" అని ఉంటుంది, అంటే ఎస్ఆర్‌జీబీలో మూడింట రెండు వంతులు కూడా సరిగ్గా రావు. దాని మీద రంగులు దిద్దకండి, మంచి మానిటర్ ఒకటి తగిలించుకోండి. ర్యామ్ బోర్డుకే అతికించి వస్తోందా, తర్వాత పెంచుకోవచ్చా అని కూడా అడగండి.

ఎం4 మ్యాక్ మినీ 2024 నవంబరులో 16 జీబీ ర్యామ్‌తో రూ.59,900కి వచ్చింది. ఫొటోలకి నిజంగా బాగుంటుంది, కరెంటు కూడా చాలా తక్కువ లాగుతుంది కాబట్టి చిన్న యూపీఎస్ మీదే చాలాసేపు నడుస్తుంది. 256 జీబీ స్టోరేజీ మాత్రం మనకి ఏ మూలకీ రాదు, బయట ఎస్‌ఎస్‌డీ పెట్టుకోవాలి, ర్యామ్ తర్వాత పెంచలేరు. ఇంకో చిక్కు: స్టూడియోతో పాటు శుభలేఖలు, ఫ్లెక్సీలు కూడా చేసేవాళ్ళు అను తెలుగు ఫాంట్ల మీద ఆధారపడి ఉంటారు, ఆ అను స్క్రిప్ట్ మేనేజర్ విండోస్‌ది. ఆ పని ఉన్నవాళ్ళు మ్యాక్ వైపు చూడకపోవడమే మేలు.

ఆఫీసుల్లో వాడి తీసేసిన సిస్టమ్‌లు పదిహేను, ఇరవై వేలకి అమ్ముతుంటారు. ఇంటెల్ 8వ తరం కంటే పాతవాటికి విండోస్ 11ని మైక్రోసాఫ్ట్ ఒప్పుకోదు, విండోస్ 10కి సపోర్టు 2025 అక్టోబరు 14తో ఆగిపోయింది. 6వ తరం ఐ7 చూపించి "ఐ7 అండి బాబూ" అంటే మోసపోకండి, 12వ తరం ఐ5 దాన్ని సునాయాసంగా దాటేస్తుంది. సెకండ్ హ్యాండ్ సిస్టమ్ కొన్నా ఫరవాలేదు గానీ సెకండ్ హ్యాండ్ డిస్కు మాత్రం వద్దు.

బిల్లు, మొదటి రోజు

జీఎస్టీ బిల్లు మీద ప్రతి వస్తువు సీరియల్ నంబరు రాయించండి, వారంటీ అప్పుడే నిలుస్తుంది. సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌లో కొంటే ధర తగ్గొచ్చు, కానీ మదర్‌బోర్డు తేడా చేస్తే పట్టుకుని అక్కడికే వెళ్ళాలి, ఆ బస్సు ఛార్జీలు కూడా కలిపి లెక్క చూసుకోండి. ఇంటికి రాగానే క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో అని ఉచిత సాఫ్ట్‌వేర్ వేసి ప్రతి డిస్కు ఎన్ని గంటలు తిరిగిందో చూడండి, కొత్తదని ఇచ్చినదాంట్లో వేల గంటలు చూపిస్తే అదే రోజు వెనక్కి పట్టుకెళ్ళండి.

క్రాక్ సాఫ్ట్‌వేర్లు షాపువాళ్ళే ఉచితంగా వేసి ఇస్తామంటారు, వద్దనండి. ఫైళ్ళన్నిటికీ తాళం వేసి డబ్బులడిగే రాన్సమ్‌వేర్‌లు ఇలాంటి క్రాకుల్లోంచి కూడా చాలాసార్లు వస్తాయి, తగిలించి ఉన్న కాపీ డిస్కుని కూడా వదలవు. నెలనెలా అడోబీకి కట్టలేమనుకుంటే డార్క్‌టేబుల్, గింప్ ఉచితమే, 2025 అక్టోబరు నుంచి అఫినిటీ కూడా ఉచితంగా ఇస్తున్నారు. ఆల్బమ్ పని దాంట్లో చక్కగా చేసుకోవచ్చు.

కొనడానికి ఆషాఢం మంచి సమయం. పెళ్ళిళ్ళు ఉండవు, పాత డేటా కొత్త డిస్కుల్లోకి ఎక్కించుకోవడానికి తీరిక దొరుకుతుంది. ఆ తీరికలో పాత డీవీడీల సంగతి కూడా చూడండి. పది, పదిహేనేళ్ళ కిందటి పెళ్ళిళ్ళు చాలా స్టూడియోల్లో డీవీడీల మీదే ఉన్నాయి, కొత్త సిస్టమ్‌లకి డీవీడీ డ్రైవు రావడం లేదు, మన తేమకి ఆ పళ్ళేలు పైపొర లేచిపోతున్నాయి. యూఎస్‌బీ డీవీడీ డ్రైవు ఒకటి కొని, పాతవాటితో మొదలుపెట్టి రోజుకి కొన్ని చొప్పున కాపీ చెయ్యండి. ఒక డ్రైవులో చదవని డిస్కు ఇంకో డ్రైవులో చదువుతుంది ఒక్కోసారి, కాబట్టి చదవలేదని వెంటనే పారెయ్యకుండా పక్కన పెట్టి, స్నేహితుడి డ్రైవులో కూడా ఒకసారి వేసి చూడండి.